లెక్కలోని సంఖ్య, కాగితముమీది సంఖ్య

మన పాఠశాల కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు పైథాన్ అను ప్రోగ్రాము భాషను అభ్యసించుచుండెను. 0.1కి 0.2 కలిపిన ఎంతయగునని యంత్రము నడిగెను. 0.3 అని చెప్పుటకు మాఱుగా అది 0.30000000000000004 అని వ్రాసెను. యంత్రము చెడినదనుకొని బాలుడు ప్రక్క యంత్రముకడకు పోయెను. అచ్చటను అదే యుత్తరము వచ్చెను. అప్పుడతడు ఉపాధ్యాయునితో, "అయ్యా, చిన్న తరగతి పిల్లలు చేయగల కూడికను ఇంత వెలగల యంత్రము చేయలేదా?" యని యడిగెను.

ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. మదనపల్లె టమోటా మండీలో రైతుచేతికి వచ్చు లెక్కచీటీని, పుంగనూరు ప్రాంతమున పాలు పోసినవారి కిచ్చు చీటీని, కుప్పములో బ్యాంకు పుస్తకముమీది వడ్డీని నేడు కంప్యూటరే అచ్చువేయుచున్నది. ఆ యంకె యెట్లు పుట్టినదో యెఱుగనివాడు దానిని ప్రశ్నింపనులేడు, నమ్మదగినచోట ధైర్యముగా నమ్మనులేడు. ప్రోగ్రాము వ్రాయువాడు ఎఱుగనిచో ఇతరుల సొమ్ముకు నష్టము కలుగును. కావున యంత్రము భిన్నసంఖ్యలను లోపల నెట్లు ఉంచుకొనునో, వెలుపల నెట్లు చూపునో ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

యంత్రమునకు రెండే అంకెలు

మనము పది అంకెలతో లెక్కింతుము. దశాంశబిందువునకు కుడివైపున మొదటి స్థానము పదియవ వంతు, రెండవది నూఱవ వంతు. ఒకటిని మూడుచే భాగించినచో 0.3333 అని మూడులు అంతములేక సాగును. ఇందుకు మనము గణితమును తప్పుపట్టము. మూడవ వంతు పదుల పద్ధతిలో ముగియదని ఒప్పుకొని, ఒకచోట ఆగుదుము.

కంప్యూటరునకు సున్న, ఒకటి అను రెండంకెలే కలవు. దీనిని ద్విసంఖ్యామానమందురు. ఇందు బిందువునకు కుడివైపున మొదటి స్థానము అర, రెండవది పావు, మూడవది ఎనిమిదవ వంతు, నాల్గవది పదునాఱవ వంతు. ఈ మానములో పదియవ వంతును వ్రాయబూనినచో 0.0001100110011 అని, మొదటి సున్నకు పిమ్మట 0011 అను నాలుగంకెలు మఱల మఱల వచ్చుచు ఎన్నటికిని ముగియవు. యంత్రములో స్థలము పరిమితము గనుక అది ఒకచోట ఆగవలెను. ఆగినచోట నున్నది పదియవ వంతు కాదు; దానికి మిక్కిలి సమీపమున నున్న వేఱొక సంఖ్య. దానిని 20 దశాంశస్థానములవఱకు చూపుమన్నచో యంత్రము 0.10000000000000000555 అని చూపును. మనము 0.1 అని వ్రాసినప్పుడే ఈ స్వల్పభేదము లోపల ప్రవేశించినది.

దీనికొక సూత్రము గలదు. భిన్నమును సూక్ష్మరూపమునకు తెచ్చిన పిదప హారములో రెండు తప్ప వేఱొక ప్రధాన కారణాంకము లేనిచో, ఆ భిన్నము ద్విసంఖ్యామానములో ముగియును. వేఱొకటి యున్నచో ముగియదు. పదిలో అయిదున్నది, కావున పదియవ వంతు ముగియదు.

వీసము, కాణి, అణా

ఇచ్చట మన తెలుగువారు గమనింపదగిన విశేషమొకటి యున్నది. పూర్వము కరణములు వ్రాసిన తెలుగు లెక్కలలో భిన్నములు పదులచొప్పున గాక నాలుగులచొప్పున తగ్గుచుండెడివి. నాలుగవ వంతు పావు; అందు నాలుగవ వంతు వీసము, అనగా 16వ వంతు; అందు నాలుగవ వంతు కాణి, అనగా 64వ వంతు. పావులను నిలువుగీతలతోను, వీసములను అడ్డగీతలతోను, కాణులను మఱల నిలువుగీతలతోను గుర్తించుచుండిరి. ఈ భిన్నపు గుర్తులు 2008వ సంవత్సరమున యూనికోడు 5.1వ సంచికలో చేర్చబడినవి. నాలుగు రెండునకు వర్గము గనుక, పావు, వీసము, కాణి యన్నియు కంప్యూటరులో లేశమైనను తేడా లేక ఇముడును. వీసము 0.0625, కాణి 0.015625. ఇవి సమీపసంఖ్యలు కావు, సరియైన సంఖ్యలే.

మూడు రాష్ట్రములు కలియుచోటికి దాపున నున్న కుప్పములో తెలుగుతోపాటు తమిళమును కన్నడమును వినబడును. తమిళుల ప్రాచీన గణితమునను కాణి యను పేరు గలదు గాని, అచ్చట కాణి యనగా 80వ వంతు. ఎనుబదిలో అయిదు కారణాంకము. కావున తెలుగు కాణి యంత్రములో సరిగా నిలుచును. తమిళ కాణి నిలువదు. ఇందు ఏ భాషకును హెచ్చుతగ్గులు లేవు. హారములోని కారణాంకమే దీనికి కారణము.

1957 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము మన రూపాయికి 16 అణాలు, 64 కానులు ఉండెడివి. ఆ దినమున రూపాయికి 100 నయాపైసలను పద్ధతి అమలులోనికి వచ్చెను. అణాకు సరియైన విలువ ఆఱుంబావు నయాపైసలు. కాని నయాపైసలో పావునకు నాణెము లేదు. అందుచేత మార్పిడి పట్టికలో ఒక అణాకు 6, రెండు అణాలకు 12, మూడు అణాలకు 19, నాలుగు అణాలకు 25 నయాపైసలుగా నిర్ణయించిరి. రెండు అణాలకు సరియైన విలువ పండ్రెండున్నర. ఆ అరను విడిచిరి. మూడు అణాలకు పదునెనిమిదింముప్పావు. దానిని పైకి సవరించిరి. ఇప్పుడు చూడుడు: దినమునకొక అణా వంతున పదునాఱు దినములు చెల్లించినవాడు మొత్తము 96 నయాపైసలు చెల్లించును. అదే పదునాఱు అణాలను ఒక్కసారి చెల్లించినవాడు 100 చెల్లించును. పట్టికలో తప్పు లేదు, కూడికలో తప్పు లేదు. ముందు సవరించి పిమ్మట కూడుటకును, ముందు కూడి పిమ్మట సవరించుటకును గల భేదమే ఆ నాలుగు పైసలు. మన ఊళ్లకు కంప్యూటరు రాక పూర్వమే మన పెద్దలు అనుభవించిన చిక్కు ఇది.

తేలెడు బిందువు

భౌతికశాస్త్రమున కాంతివేగమును సెకనుకు 3 × 10⁸ మీటర్లని వ్రాయుదుము. మిక్కిలి పెద్ద సంఖ్యకును మిక్కిలి చిన్న సంఖ్యకును కొన్ని ముఖ్యమైన అంకెలను వేఱుగాను, బిందువెచ్చట నుండవలెనో తెలుపు ఘాతమును వేఱుగాను వ్రాయు పద్ధతి ఇది. యంత్రమును ఇట్లే చేయును. బిందువు ఒకచోట నాటుకొనక ఘాతమునుబట్టి అటునిటు జరుగును గనుక ఇట్టివానికి ఫ్లోటింగ్ పాయింటు సంఖ్యలు, అనగా తేలెడు బిందువు గల సంఖ్యలు, అని పేరు వచ్చెను.

తొలుత ఒక్కొక్క కంపెనీ యంత్రము ఒక్కొక్క తీరున ఈ లెక్కలు చేయుచుండెను. 1985లో అమెరికాలోని విద్యుదింజనీర్ల సంస్థ 754 అను సంఖ్యగల ప్రమాణమును ప్రకటించెను. అందు ముఖ్యముగా పాటుపడిన గణితవేత్త విలియం కహాన్. ఈ ప్రమాణముననుసరించి సాధారణముగా ఒక సంఖ్యకు 64 గడులు కేటాయింతురు: ధనమో ఋణమో తెలుపుటకు 1, ఘాతమునకు 11, అంకెలకు 52. మన పదుల పద్ధతిలో చెప్పవలెనన్నచో ఇది సుమారు 15 మొదలు 17 సార్థక అంకెలకు సరిపోవును. నిత్యవ్యవహారమునకు ఇది కావలసినదానికంటె ఎక్కువే.

చూపుమని యాజ్ఞాపించు విధము

లోపలి సంఖ్య అట్లుండగా, దానిని కాగితముమీదనో తెరమీదనో చూపుట వేఱొక పని. ఎన్ని అంకెలు చూపవలెను, ఎంత వెడల్పున చూపవలెను, విడిచిన అంకెల నేమి చేయవలెను అను మూడు నిర్ణయములు ఇందు గలవు. మనము నిర్ణయింపనిచో యంత్రమే తనకు తోచినట్లు నిర్ణయించును.

1957లో ఐబీఎం కంపెనీలో జాన్ బాకస్ నాయకత్వమున వెలువడిన ఫోర్‌ట్రాన్ భాషలోనే ఇందుకు ఏర్పాటుండెను. 'ఎఫ్' అను అక్షరము వ్రాసి దానిప్రక్క 10.2 అని వేసినచో, మొత్తము పది గడుల వెడల్పున, బిందువు తరువాత రెండు స్థానములతో చూపుమని యర్థము. అంకె ఆ గడులలో పట్టనిచో ఫోర్‌ట్రాన్ ఆ చోటునంతయు నక్షత్రపు గుర్తులతో నింపును. 1970 ప్రాంతముల బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో 'ప్రింట్ఎఫ్' అను ఆజ్ఞ గలదు. అందు శాతపు గుర్తు, దానివెంట వెడల్పు, బిందువు, దశాంశస్థానముల సంఖ్య, తుదకు ఒక అక్షరము వ్రాయవలెను. పట్టని అంకె వచ్చినచో సీ భాష గడిని వెడల్పు చేయును. వరుస చెడునుగాని అంకె దాగదు. పైథాన్ మొదలగు పెక్కు భాషలు ఈ పద్ధతినే కొద్దిమార్పులతో స్వీకరించినవి.

తుది అక్షరములలో మూడు ముఖ్యమైనవి. 'ఎఫ్' అన్నచో సామాన్య దశాంశరూపము: రెండింట మూడవ వంతును రెండు స్థానములకు చూపుమన్న 0.67 అని చూపును. 'ఇ' అన్నచో ఘాతరూపము: 6.67 అని చూపి, పదికి ఘాతము ఋణ ఒకటి యని ప్రక్కన తెలుపును. 'జి' అన్నచో ఈ రెంటిలో సంఖ్యకు తగినదానిని యంత్రమే యెన్నుకొనును. డబ్బు లెక్కకు మొదటిది, ప్రయోగశాల కొలతలకు రెండవది తగును.

వెడల్పు నిర్ణయించుట అందముకొఱకు మాత్రమే కాదు. మండీ చీటీలో 1240.0, 118.25, 7.5 అని ఎడమవైపునుండి వ్రాసినచో కన్ను మోసపోవును. అవే సంఖ్యలను బిందువు క్రింద బిందువు వచ్చునట్లు చూపినచో,

1240.00
 118.25
   7.50

అని నిలువున పరికించిన మాత్రాన పెద్దదేదో చిన్నదేదో తెలియును. చదువు తక్కువైనవాడును వ్రేలు పెట్టి కూడుకొనగలడు.

అయిదు వచ్చినప్పుడు

విడిచెడు అంకె అయిదైనచో పైకి సవరింపవలెనని మనము తరగతిలో నేర్చుకొందుము. పుంగనూరు పొట్టియావుల పాలలో వెన్న అధికమని ప్రసిద్ధి. పాలకు వెన్నశాతమునుబట్టి ధర కట్టుదురు గనుక, వెన్నశాతమునే ఉదాహరణముగా గైకొందము. 4.25, 4.35, 4.45 అను మూడు సంఖ్యలను ఒక దశాంశస్థానమునకు చూపుమని పైథాన్ నడిగినచో 4.2, 4.3, 4.5 అని చూపును. తరగతి నియమము ప్రకారము 4.3, 4.4, 4.5 రావలెను గదా!

కారణము వినుడు. 4.25లో నాల్గుంబావు సరిగా ఇముడును. అది నిజముగా 4.2కును 4.3కును నడిమి సంఖ్య. ఇట్టి నడిమి సంఖ్యలను ఎల్లప్పుడు పైకే సవరించినచో మొత్తములు క్రమముగా పెరుగును గనుక, సరిసంఖ్యవైపు సవరించు పద్ధతిని పైథాన్ అనుసరించును. రెండు సరిసంఖ్య గనుక 4.2 వచ్చినది. 4.35 సంగతి వేఱు. లోపల నున్నది సుమారు 4.3499999999999996, అది నడిమి సంఖ్య కానేకాదు, 4.3కే దగ్గఱ. 4.45 లోపల కొంచెము పైనున్నది, కావున 4.5 వచ్చినది. వింతయేమనగా జావాస్క్రిప్టు అను భాషలో స్థానములు నిర్ణయించి చూపు ఆజ్ఞ నడిమి సంఖ్యను పెద్దదానివైపు సవరించును; అచ్చట 4.25 అను సంఖ్యయే 4.3 అగును. ఒకే పాలు, ఒకే కొలత. రెండు తెరలమీద రెండు అంకెలు! చూపిన అంకెనుబట్టి ధర కట్టినచో ఒకచోట పాలు పోసినవానికిని, మఱియొకచోట కొన్నవానికిని నష్టము. కావున సవరణ నియమమును యంత్రమునకు విడువక, ముందుగా ఇరువురకు తెలిసినట్లు నిర్ణయించుకొనవలెను.

చూపిన అంకె చేసిన చేటు

1992 ఏప్రిలు 5వ తేదీన జర్మనీలోని ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రమున శాసనసభకు ఎన్నికలు జరిగెను. అచ్చట నూటికి అయిదు వోట్లకు తగ్గిన పక్షమునకు సామాన్యముగా సభలో స్థానము లేదు. ఆ రాత్రి గ్రీన్ పక్షమునకు 5.0 శాతము వచ్చినట్లు పట్టికలో కనబడెను. నిజమునకు వచ్చినది 4.97 శాతమే. పట్టికను అచ్చువేసిన ప్రోగ్రాము ఒక్క దశాంశస్థానమునే చూపుచుండుటచేత 4.97 కాస్త 5.0 ఆయెను. లోపలి లెక్క సరిగానే యున్నది, చూపుటలో చిక్కు. తప్పు తెలిసిన పిదప ఆ పక్షమునకు స్థానములు లేకపోగా, సభలోని బలాబలములును మాఱినవి.

చూపిన అంకెనే తిరిగి లెక్కలోనికి తెచ్చిన నేమగునో కెనడాలోని వాంకూవరు నగరము తెలుపును. అచ్చటి స్టాక్ ఎక్స్ఛేంజివారు 1982లో 1000తో ఒక సూచీసంఖ్యను ప్రారంభించిరి. బేరము జరిగినప్పుడెల్ల యంత్రము దానిని తిరిగి లెక్కించి, మూడు దశాంశస్థానములు ఉంచుకొని తక్కినదానిని సవరింపక నఱికివేయుచుండెను. ప్రతిసారి పోవునది లేశమాత్రమే. కాని దినమునకు వేలసార్లు పోయినందున 1983 నవంబరునాటికి సూచీ 520 ప్రాంతమునకు దిగెను. తప్పు సరిదిద్దగా అది 1,098కి పైబడినది. వర్తకము బాగుగానున్న కాలమున అంకె మాత్రము సగమునకు పడిపోయినది!

బాలుని ప్రశ్నకు సమాధానము

ఇప్పుడు 0.30000000000000004 సంగతి చూతము. 0.1, 0.2 అను రెండు సమీపసంఖ్యలను కూడగా వచ్చిన ఫలము, 0.3కు మిక్కిలి దగ్గఱగా యంత్రములో నుండదగిన సంఖ్య కాదు, దాని ప్రక్కది. రెంటిని 0.3 అనియే చూపినచో ఆ రెండును ఒకటే యను భ్రమ కలుగును. కావున పైథాన్, ఏ అంకెలు వ్రాసినచో వానిని చదివి సరిగా అదే లోపలి సంఖ్యను మఱల పొందవచ్చునో, అట్టివానిలో మిక్కిలి తక్కువ అంకెలు గలదానిని చూపును. ఈ పనిని దోషములేక చేయు మార్గమును 1990లో గై స్టీలు, జాన్ వైటు అను ఇరువురు ఒక వ్యాసమున ప్రకటించిరి. 2009లో వెలువడిన పైథాన్ 3.1 సంచికనుండి ఈ పద్ధతి అందు అమలులోనికి వచ్చెను; అంతకుముందు పైథాన్ 0.1 అని వ్రాసినను 0.10000000000000001 అని చూపుచుండెను. 2018లో ఉల్ఫ్ ఆడమ్స్ 'ర్యూ' యను మఱింత వేగవంతమైన పద్ధతిని ప్రకటించెను. ఆ పొడవైన అంకె యంత్రపు అజ్ఞానము కాదు. తనలో నున్నదానిని దాచకుండ చెప్పుటయే.

కొన్ని నియమములు

విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయునప్పుడు ఈ క్రింది నియమములు జ్ఞాపకముంచుకొందురు గాక.

మొదటిది: లెక్క ముగియువఱకు సవరింపకుడు, చూపునప్పుడు మాత్రమే సవరింపుడు. చూపిన అంకెను మఱల లెక్కలోనికి తేకుడు.

రెండవది: డబ్బును రూపాయల దశాంశములుగా గాక పైసల పూర్ణసంఖ్యలుగా ఉంచుడు. మదనపల్లె మండీలో అన్నదమ్ములు ముగ్గురు కలిసి అమ్మిన సరకునకు 10,000 రూపాయలు వచ్చినదనుకొందము. ఒక్కొక్కరికి 3,333.33 అని చీటీ వ్రాసినచో మొత్తము 9,999.99 అగును, ఒక పైస మాయమగును. పది లక్షల పైసలను మూడుచే భాగించి, శేషించిన ఒక్క పైస ఎవరిదో తెలియజేసినచో చీటీ సరిపోవును.

మూడవది: నిర్ణయించెడు హద్దు దగ్గఱ నున్న అంకెకు ఒక స్థానము ఎక్కువగా చూపుడు. 4.97ను 5.0గా చూపకుడు.

నాలుగవది: కొలిచినదానికంటె ఎక్కువ అంకెలు చూపకుడు. కాటా పది గ్రాములకు లోబడిన తేడాను చూపలేనప్పుడు, తూకమును గ్రాములో వేయవ వంతువఱకు అచ్చువేయుట అసత్యముతో సమానము.

అయిదవది: చదువువాని నెఱిగి చూపుడు. మనము 12,34,567.50 అని లక్షలు తెలియునట్లు విభజింతుము. పైథాన్ నందు ఊరక కామా పెట్టుమన్నచో 1,234,567.50 అని పాశ్చాత్యరీతిని విభజించును. జర్మనీవారు దశాంశబిందువునకు బదులు కామా వాడుదురు. మన రైతునకు మన రీతినే చూపవలెను.

పవిత్రగ్రంథమున సామెతలు వ్రాసినవారు దొంగత్రాసును నిందించిరి. ఆ కాలమున మోసము త్రాసుతట్ట క్రింద నుండెడిది. నేడు మోసగింపవలెనను తలంపు లేకయే, అజాగ్రత్తచేత, ఒక దశాంశస్థానములో అది చేరవచ్చును. దానిని కనిపెట్టుటకు పెద్ద విద్య యక్కఱలేదు. లోపలి సంఖ్య వేఱు, చూపిన సంఖ్య వేఱు అను జ్ఞానము చాలును.

ఆ బాలుడు ఈ సంగతులు విని మఱల యంత్రముకడకు పోయెను. బిందువు తరువాత రెండు స్థానములు చూపుమని యాజ్ఞ చేర్చెను. 0.30 అని వచ్చెను. పిదప ఇరువది స్థానములు చూపుమనెను. 0.30000000000000004441 అని వచ్చెను. రెంటిని తన పుస్తకమున ఒకదానిక్రింద నొకటి వ్రాసికొని, మొదటిదానిప్రక్కన "చూపుటకు" అనియు, రెండవదానిప్రక్కన "లెక్కకు" అనియు వ్రాసికొనెను.